కేక లేని వడిసెల

పొగిడేవాణ్ణి నమ్మకూడదని నాకు నేర్పింది ఫోన్ల ఆఫీసు. కర్నూలులో ఫిర్యాదుల సెక్షన్లో కూర్చుని ఉద్యోగమంతా తిట్లు విన్నదాన్ని. "మీ ఆఫీసు తగలబడా, నా ఫోను పలకడం లేదు" అని అరిచేవాడికి కావలసింది ఫోను పలకడమే. దాన్ని బాగుచేస్తే వాడి గొడవ తీరిపోయేది. "మేడమ్, మీ అంత ఓపిక గల మనిషిని నేను చూడలేదు" అని తేనె పూసి మొదలుపెట్టేవాడి వెనకాల మాత్రం ఎప్పుడూ ఏదో ఒకటి ఉండేది. వరస తప్పించి ముందు కనెక్షన్ ఇమ్మనో, పక్కింటివాళ్ళు ఎవరెవరికి ఫోన్లు చేస్తున్నారో చెప్పమనో అడిగేవాడు. కొన్నేళ్ళకు నా చెవికి ఒక అలవాటు పడిపోయింది. తిట్టు వినపడితే రాసుకునేదాన్ని, పొగడ్త వినపడితే బీరువా తాళం సరిచూసుకునేదాన్ని.

రిటైరయ్యాక ఆ చెవి కూడా నాతోపాటే ఇంటికి వచ్చింది. పాలు పోసే ఆయన "ఈ పొద్దు పాలు చిక్కగుండాయమ్మా" అంటే చాలు, గిన్నె వెలుతురులో పెట్టి చూసేదాన్ని. మా ఆయన తట్టుకోలేక, "అనుమానం పెనుభూతమంటారు, నువ్వు దాన్ని పింఛనుతో సహా ఇంటికి తెచ్చినావు" అన్నారు. అందుకే కల్లూరులో గేములు తయారుచేసే చిన్న ఆఫీసు ఒకటి ఉందనీ, ఆడినవాళ్ళ అభిప్రాయాలు చదివి జవాబులు రాయడానికి నిదానమైన మనిషి కోసం వెతుకుతున్నారనీ తెలిసినప్పుడు నాకంటే ఆయనే ఎక్కువ సంబరపడ్డారు.

ఇప్పుడు ఆ పని కూడా మానేశాను. ఫోన్ల ఆఫీసు గురించి చెప్పమంటే నా దగ్గర పెద్ద కథలేమీ లేవు. ఈ రెండో ఉద్యోగంలో జరిగిన ఒక్క సంగతి మాత్రం, కొత్తగా పనుల్లో చేరుతున్న మీలాంటివాళ్ళకు చెప్పాలనిపిస్తోంది.

కల్లూరులో కొత్త ఇళ్ళ మధ్య ఒక హార్డ్‌వేర్ కొట్టు. కింద పైపులు, రంగు డబ్బాలు, మేకులు. పైన రెండు గదులు. కింద కొట్టు నడిపే పెద్దాయన కొడుకే పైన గేముల ఆఫీసుకు యజమాని. వాళ్ళది తరతరాలుగా వ్యాపారం చేసే కుటుంబం. గేముల కంపెనీ అనగానే నాకు మొదట వచ్చిన అనుమానం వేరు. వెళ్ళిన రోజునే నేరుగా అడిగేశాను.

"ఏమప్పా, ఇది పేకాట లాంటిదేమన్నా ఉంటే ఇప్పుడే చెప్పు. నాకు పింఛను వస్తాంది, పోలీసులు గూడా వస్తే బాగుండదు."

"అయ్యో, అట్లాంటిది కాదు మేడమ్" అని నవ్వాడు ఆ యజమాని కుర్రవాడు. "వేలితో ఆడే ఆట. కూర్చోండి, చూపిస్తా."

పెద్ద పెద్ద కంపెనీల అండ లేకుండా ముగ్గురు నలుగురు కలిసి సొంతంగా చేసుకునే ఆటలను ఇండీ గేములంటారని అప్పుడే తెలిసింది. వాళ్ళు చేస్తున్నది ఆర్కేడ్ యాక్షన్ రకం. అందులో కథ తక్కువ, చేతివేగం ఎక్కువ. శత్రువులు వరస వరసగా మీద పడతారు. బతికినంతసేపు ఆడాలి, చస్తే మళ్ళీ మొదటినుంచి. ఒకప్పుడు బస్టాండు దగ్గర చీకటి కొట్లలో పిల్లలు బిళ్ళలు వేసి ఆడే వీడియో గేములు ఈ జాతివే. అప్పట్లో ఆ కొట్ల ముందు నుంచి పోతూ కూడా నేను అనుమానంగానే చూసేదాన్ని.

వీళ్ళ ఆట పేరు వడిసెల. జొన్న చేను మధ్యలో మంచె, మంచె మీద ఒక అమ్మాయి. ఆమె చేతిలో వడిసెల, అంటే తాడు మధ్యలో రాయి పెట్టి గిరగిరా తిప్పి వదిలేది. మొదట పిచ్చుకలు వస్తాయి, తరువాత చిలకల గుంపు, ఆ తరువాత అడవి పందులు. కంకులు పోకుండా కాపాడుకోవాలి. బొమ్మలు వేసే ఆయన ఎక్కడో తన ఊళ్ళోనే ఉండి పంపేవాడు. కోడు రాసేది మాత్రం ఆ రెండో గదిలో కూర్చునే ఒక అమ్మాయి. బద్వేలు పిల్ల. బెంగళూరులో ఉద్యోగం వదిలేసి వచ్చింది. ఎందుకు వదిలావని అడిగితే చెప్పిన మాట నాకిప్పటికీ గుర్తే.

"ఆడ నేను రాసినదాని మీద ఎవురి పేరూ ఉండదు మేడమ్. ఎవురు రాసినారో రాసినోళ్ళకే తెలీదు. ఈ ఆట అయిపోయినాక కింద పేర్లు వస్తాయి గదా, దాంట్లో మొదట నా పేరుంటాది. దానికోసమే వచ్చినా."

పేరు కోసం ఉద్యోగం మానేసే మనుషులుంటారా అని అప్పుడే నాకు కొంచెం అనుమానం వేసింది. మంచి కారణం చెప్పేవాళ్ళందరినీ నేను అలాగే చూస్తాను.

ఆమెకూ యజమానికీ మధ్య ఒక తగాదా నేను చేరకముందే జరిగిపోయింది. ఆమె మొదట చేసిన ఆటలో మంచె మీద అమ్మాయి రాయి వదిలే ముందు "ఓహోయ్" అని కేక వేసేది. కేకకు పిట్టలు లేచేవి, అప్పుడు రాయి పోయేది. ఆమె తన సొంత గొంతుతోనే ఆ కేక రికార్డు చేసి పెట్టింది. యజమానికి అది నచ్చలేదు. బటన్ నొక్కగానే రాయి పోవాలి, మధ్యలో కేక ఏంటి, ఆడేవాడికి ఆ ఆలస్యం ఒళ్ళు మంట అన్నాడు. చివరికి కేక తీసేశారు. బయటివాళ్ళు ఆడి చూడటానికి, ఆటలు అమ్మే ఒక సైటులో పెట్టిన నమూనా ఆటలో కేక లేదు. కేక ఉన్న ఆటను చూసింది ఆ ఆఫీసు మనుషులు మాత్రమే. ఈ మాట గుర్తుంచుకోండి, తరువాత జరిగినదంతా దీని మీదే నడిచింది.

నమూనా పెట్టిన వారానికే అభిప్రాయాలు వచ్చి పడ్డాయి. అన్నీ పొగడ్తలు. యజమాని కుర్చీలో నిలవలేకపోయాడు. నేను అద్దాలు పెట్టుకుని ఒక్కొక్కటే చదివాను. "గేము శానా బాగుండాది. ఇంటిల్లిపాదీ ఆడొచ్చు." "నాణ్యత బాగుంది. నమ్మకమైన సరుకు." "మంచి మన్నిక. అందరూ తీసుకోండి." నాకు చెవి దురద మొదలైంది.

"పాపా, గేముకు మన్నికేమిటి?" అని బద్వేలు పిల్లను అడిగాను.

"అదే నాకూ అర్థం కాల్యా మేడమ్. ఇంకోటి చూసినారా? ఇంతమంది రాసినారు, ఒక్కరు గూడా పందుల కాడ సచ్చిపోయినామని రాయల్యా. పందుల కాడ సావకుండా ఎవురూ పోలేరు. నేనే పోలేను."

ఆమె చెప్పింది నిజమే. నిజంగా ఆడినవాళ్ళు ఎలా రాస్తారో నాకు త్వరలోనే తెలిసింది. ఒకాయన "ఈ పందులను చేసినవాడు కనపడితే కొడతా" అని రాశాడు. ఇంకొకరు "ఫోను గోడకేసి కొట్టాలనిపించింది, మళ్ళీ ఆడుతున్నా" అన్నారు. ఈ రకం ఆటల్లో అంతకు మించిన మెప్పు లేదని ఆ పిల్ల చెప్పింది. ఓడిపోయి మండిపడినవాడే మళ్ళీ వస్తాడట. ఫోన్ల ఆఫీసు నీతి ఇక్కడా పనికొస్తుందని నాకు సంతోషం కలిగింది.

అప్పుడే జొన్నకంకి వచ్చింది. అది ఒక ఆటగాడు పెట్టుకున్న పేరు. మనిషి ఎవరో తెలియదు. ఆ మనిషి రాసింది ఇది: "ఎప్పుడన్నా మంచె ఎక్కినారా మీరు? రాయి వదిలే ముందు కేక వెయ్యాల. కేకకు పిట్ట లేస్తాది, లేచినదాన్ని కొట్టాల. కేక లేకుండా ఊరికే నొక్కతా ఉంటే వేలు అరగడం తప్ప ఏముండాది దీంట్లో?"

యజమాని అది చదివి నన్ను పక్క గదిలోకి పిలిచాడు. తలుపు దగ్గరగా వేశాడు.

"చూసినారా మేడమ్? కేకంట, కేకకు పిట్టలు లేసేదంట. ఆ యమ్మి చేసినదాన్ని అక్షరం పోకుండా చెప్తాంది. బయటోళ్ళకెట్ల తెలుస్తాది? ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. మీరు పట్టాల."

"పట్టుకుంటే ఏం చేస్తావు?"

"ఇంగేముంది. పొమ్మంటా. కింద పేర్లలో గూడా ఆ పేరుండదు."

నాకు కోపం రావలసింది. రాలేదు. నిజం చెప్పాలంటే ఉత్సాహం వచ్చింది. పింఛను తీసుకుంటున్నాక నన్ను నమ్మి ఒక పని అప్పజెప్పినవాడు అతనొక్కడే. పైగా అతని మాటలో లెక్క సరిపోయింది. కేక సంగతి మాకు తప్ప ఎవరికీ తెలియదు. మాలో కేక కోసం పోట్లాడింది ఆమె ఒక్కతే.

ఆ రోజునుంచి ఆ పిల్లను చూసే నా చూపు మారిపోయింది. జొన్నకంకి రాతలు మధ్యాహ్నం పూట వచ్చేవి. ఆ పిల్ల సరిగ్గా అప్పుడే ఫోను పట్టుకుని మెట్ల మీదికి పోయేది. ఒకసారి నీళ్ళ కోసం అన్నట్లు నేనూ లేచి వెళ్ళాను. నన్ను చూడగానే ఫోను బోర్లా పెట్టింది. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకోవడం ఇదే కదా అనుకున్నాను. పైగా ఆమె డబ్బాలో రోజూ జొన్నరొట్టె. జొన్నకంకి అన్న పేరు ఆమెది కాకపోతే ఇంకెవరిది? కర్నూలు, కడప జిల్లాల్లో సగం డబ్బాల్లో జొన్నరొట్టే ఉంటుందన్న మాట ఆ రోజుల్లో నా బుర్రకు తట్టలేదు. మా ఆయన డబ్బాలో కూడా అదే పెట్టి పంపినదాన్ని నేను.

ఒకపక్క అనుమానిస్తూనే ఇంకోపక్క నా పాత అలవాటు ప్రకారం చేయవలసిన పని చేశాను. ఫోన్ల ఆఫీసులో మాకు ఒక పద్ధతి ఉండేది. ఫిర్యాదును మూసేది మేము కాదు. లైన్‌మన్ వెళ్ళి బాగుచేసి వచ్చినా సరే, మేం మళ్ళీ ఆ ఇంటికి ఫోన్ చేయాలి. తిట్టిన మనిషి తన నోటితో "ఆఁ, సరే" అనాలి. అప్పుడే మూసేది. అందుకని జొన్నకంకికి కింద జవాబు రాశాను. మీ ఫిర్యాదు అందింది, మీరు సరే అనేదాకా మూయము, ఒకసారి మాట్లాడగలరా అని ఆఫీసు నంబరు పెట్టాను. జవాబు రాలేదు. దొంగ అయితే ఎందుకు ఫోన్ చేస్తుంది అని దాన్ని కూడా ఆ పిల్ల లెక్కలోనే వేశాను.

ఇంతలో సైటువాళ్ళ దగ్గరనుంచి నోటీసు వచ్చింది. మీ ఆటకు వచ్చిన అభిప్రాయాల్లో చాలావరకు తయారుచేసినవాళ్ళ మనుషులే రాసినట్లు కనిపిస్తోంది, వారంలోగా సంజాయిషీ ఇవ్వకపోతే మీ ఆటను సైటులోంచి తీసేస్తాము అని. అదే జరిగితే ఆట బయటికి రాకముందే చచ్చినట్లు. యజమాని ముఖం వెల్లబోయింది. ఆ తరువాత ఎర్రబడింది. నేరుగా రెండో గదిలోకి నడిచాడు. నేనూ వెనకాలే వెళ్ళాను.

"నీకు మా పని నచ్చకపోతే చెప్పి పోవచ్చు గదా. మనమీద మనమే కంప్లైంట్ ఇచ్చుకుంటామా?"

ఆ పిల్ల తలెత్తింది. "ఏం కంప్లైంట్? నేనేం చేసినా?"

"జొన్నకంకి నువ్వు కాదా? తిట్టింది చాలదని సైటోళ్ళకు గూడా రాసినావు."

ఆమె అతన్ని వదిలేసి నా వైపు చూసింది. "మేడమ్, మీరు గూడా అట్లనే అనుకుంటాండారా?"

నేను మాట్లాడలేదు. ఫిర్యాదుల సెక్షన్లో మాట్లాడకుండా ఉండటం కూడా ఒక పనే. ఎదుటివాడు ఆగలేక లోపలున్నదంతా తనే కక్కేస్తాడు. ఆ పిల్ల ఏమీ కక్కలేదు. కంప్యూటర్ ఆపింది. డబ్బా సంచిలో పెట్టుకుంది. మా ఇద్దరి మధ్య నుంచి నడిచి మెట్లు దిగిపోయింది.

యజమాని ఆమె కుర్చీలో కూర్చుని, "ముందు ఆ పేరు తీసేస్తా" అన్నాడు.

అప్పుడు నాకు మొదటిసారి నా లెక్క మీదే అనుమానం వచ్చింది. ఇన్నేళ్ళలో నేను పట్టుకున్న అబద్ధాలకోరులందరూ గంటల తరబడి వివరించినవాళ్ళే. ఒక్కడూ నోరు మూసుకుని వెళ్ళిపోలేదు.

"ఆగప్పా" అన్నాను. "ఫిర్యాదు ఇంకా మూయలేదు. తిట్టిన మనిషి సరే అనల్యా. అంతదాకా ఆ పేరు జోలికి పోవద్దు."

"తిట్టిన మనిషి ఇప్పుడే మెట్లు దిగి పోయింది గదా మేడమ్!"

అతను ఆ మాట అన్న పూటే ఆఫీసు ఫోను మోగింది. నేనే తీశాను. అవతల ఒక ఆడగొంతు. గట్టి గొంతు. పలకరింపు లేదు.

"మీరెవురు? నిజం చెప్పండి. గట్టు కేసులో మా పాలోళ్ళ లాయరు మనిషేనా మీరు?"

"ఎవురమ్మా మీరు?"

"జొన్నకంకి. నంబరిచ్చి మాట్లాడమంటిరే. ఎవురో నన్ను ఏమార్చి మాటలు లాగడానికే ఇచ్చినారని ఇన్నాళ్ళూ చెయ్యల్యా. ఇప్పుడు కర్నూలు కోర్టు కాడుండా. వాయిదా మళ్ళా పడింది. చేతిలో పొద్దుండాదని చేస్తాండా."

ఇంత అనుమానం గల మనిషిని నేను అద్దంలో తప్ప చూడలేదు. ఆమెకు నమ్మకం కలిగించడానికి పది మాటలు చెప్పాను. షేర్ ఆటో ఎక్కి కల్లూరు వస్తే పైపుల కొట్టు పైనే అని గుర్తులు చెప్పాను. వస్తానంది. కొట్టు ముందు దిగి, పైకి రాకుండా ముందు కింద ఉన్న పెద్దాయననే ఇది ఎవరి ఆఫీసని ఆరా తీసిందట. ఆ తరువాతే మెట్లెక్కింది.

నలభై అయిదు దాటిన మనిషి. ఆలూరు దగ్గర పల్లె. భూములున్న ఇల్లు. పాలోళ్ళతో, అంటే దాయాదులతో, పొలం గట్టు తగాదా కోర్టులో నడుస్తోంది. వాయిదాకు వచ్చినప్పుడల్లా పిలుపు వచ్చేదాకా వరండాలో కూర్చుని ఫోనులో ఆటలు ఆడుతుందట. మధ్యాహ్నం భోజనాల వేళ కోర్టు లేస్తుంది కాబట్టి అప్పుడు అభిప్రాయాలు రాస్తుందట. మధ్యాహ్నం పూట రాతల గుట్టు అదీ.

"అమ్మా, కేక సంగతి మీకెట్ల తెలుసు?" అన్నాడు యజమాని మెల్లగా.

"ఎట్ల తెలుసేంది? సిన్నప్పుడు మా అవ్వతో మంచె మీదే గదా ఉండింది. కేక వెయ్యకుండా రాయి వేస్తే అవతల గట్టు మీద పోయేటోని తల పగులుతాది. కేక వింటే మనిషి కూర్చుంటాడు, పిట్ట లేస్తాది. అప్పుడు రాయి. జొన్న చేను కాసినోళ్ళను ఎవుర్నన్నా అడుగు, బద్వేలైనా ఆలూరైనా."

యజమాని నా వైపు చూశాడు. నేను గోడ వైపు చూశాను. అతను కొట్ల మధ్య పుట్టినవాడు, నేను కర్నూలు పాత ఊళ్ళో పెరిగినదాన్ని. మా ఇద్దరిలో ఒక్కరమైనా మంచె ఎక్కి ఉంటే ఆ రహస్యం రహస్యమే కాదని తెలిసేది.

ఆడి చూపిస్తానని ఆమె పెద్ద తెర ముందు కూర్చుంది. పిచ్చుకల వరస మొదలైంది. ఆమె వేలు కంగారుపడలేదు. తెరలో కేక లేదు కాబట్టి తనే నోటితో వేసింది. "ఓ...హోయ్!" గది అదిరింది. రాయి వదిలింది. మళ్ళీ కేక, మళ్ళీ రాయి. చిలకలు వచ్చేసరికి కింద కొట్లో బేరం ఆగిపోయింది. పందులు వచ్చేసరికి పెద్దాయన ఏమైందో అని చేతిలో కొలత టేపుతోనే పైకి పరుగెత్తుకొచ్చాడు. ఆయన వచ్చేసరికి ఆమె పందుల కాడ చచ్చి, తెరకు ఆలూరు మాటల్లో శాపనార్థాలు పెడుతోంది.

పెద్దాయనకు మాత్రం ఒక కొత్త మనిషి తన కొడుకు ఆట ఆడుతున్నదన్న సంగతే కనిపించింది. ముఖం వెలిగిపోయింది.

"ఆడండమ్మా, బాగా ఆడండి. ఆడినాక రెండు మంచి మాటలు రాయండి. మా వాళ్ళంతా రాసినారు."

నా చెవి నిక్కబొడుచుకుంది. "మీ వాళ్ళంటే ఎవురు సార్?"

"మా సుట్టాలు మేడమ్. ప్రొద్దుటూరు, ఆదోని, నంద్యాల. మా గ్రూపులో నేనే పెట్టినా, పిల్లోడు కొత్త యాపారం తెరుస్తాండాడు, బోణీ చేయండని. కొత్త కొట్టు తెరిస్తే మొదట మనోళ్ళే గదా రావాల్సింది? మనోళ్ళే మంచి మాట చెప్పకపోతే పరాయోడెట్ల నమ్ముతాడు? గేము ఆడటం మాకు రాదు గానీ మంచి మాట రాయడం రాదా?"

నాణ్యత, మన్నిక, నమ్మకమైన సరుకు. అన్నీ ఒక్కసారిగా వాటి వాటి చోట్లలో కూర్చున్నాయి. ఆయన రంగు డబ్బాల గురించి చెప్పే మాటలే చుట్టాలందరూ ఆట గురించి రాశారు. సైటువాళ్ళకు ఎవరూ కంప్లైంట్ ఇవ్వనక్కరలేదు, ఆ మాటలే చాలు.

ఆలూరు ఆమె కుర్చీ తిప్పి పెద్దాయనను పైనుంచి కిందికి చూసింది. "మా పాలోళ్ళు సూడని గట్టుకు సాక్ష్యం చెప్పే మనుషుల్ని తెస్తాండారని నేను కోర్టులో కొట్లాడతాండా. ఈడ గూడా అదేనా?"

"సాక్ష్యం కాదమ్మా, బోణీ" అన్నాడు పెద్దాయన. ఆయన గొంతులో బాధ విని నాకు జాలి వేసింది. ఆయన దృష్టిలో అది మోసం కాదు. ఏ కొట్టు తెరిచినా వాళ్ళు చేసుకునే పనే.

నేను యజమాని ముఖం చూస్తున్నాను. అతను వాళ్ళ నాన్న వైపు చూడలేదు, ఆశ్చర్యపోలేదు కూడా. నేల చూస్తూ నిలబడ్డాడు. ఈ బోణీ సంగతి అతనికి ముందే తెలుసా, తెలిసీ ఆ పిల్ల మీదికి నెట్టాడా? ఎన్నిసార్లు అడిగినా తెలియదనే చెప్పాడు. నమ్మమంటే నమ్ముతాను గానీ, నమ్మిన ప్రతిసారీ ఆ నేలచూపు గుర్తుకొస్తుంది.

ఆ సాయంత్రమే ఇద్దరం బద్వేలు పిల్ల అద్దెకుంటున్న ఇంటికి వెళ్ళాం. సంచి సర్దుకుని ఉంది. యజమాని క్షమించమన్నాడు, జరిగినదంతా చెప్పాడు. ఆమె అంతా విన్నది. నా వైపు తిరిగింది.

"మెట్ల మీద నేను వేరేవాళ్ళ ఆటలు ఆడతా ఉంటి మేడమ్. వాళ్ళు పందుల్లాంటివాటిని ఎట్ల చేసినారో సూద్దామని. పనిలో ఆడతాండాదని అంటారేమోనని ఫోను దాచినా. అడిగుంటే చెప్పేదాన్ని."

"అడగల్యా పాపా" అన్నాను.

"అవ్వతో చేనుకు పోయినప్పుడు రాయి తీసుకుంటే చాలు, మా అవ్వ నా చెయ్యి పట్టుకునేది. ముందు కేక, ఎనక రాయి అనేది. ఆయప్పకైతే తెలీదు, కొట్లలో పెరిగినోడు. మీరన్నా ఒక కేక వేసుండాల మేడమ్."

నా ఉద్యోగంలో నన్ను ఎవరెవరో ఎన్నెన్నో తిట్టారు. ఒక్కటీ ఇంటిదాకా వెంట రాలేదు. ఈ మాట వచ్చింది.

ఆమె వెంటనే సరే అనలేదు. రెండు షరతులు పెట్టింది. ఒకటి, సైటువాళ్ళకు ఉన్నదున్నట్లు రాయాలి. రెండు, కేక తిరిగి రావాలి. మర్నాడు జవాబు నేనే రాశాను. పెద్దాయన చెప్పిన బోణీ సంగతి, ఆయన అన్న మాటలతోనే పెట్టాను. సైటువాళ్ళు చుట్టాల రాతలు తీసేశారు. నాణ్యత, మన్నిక అన్నీ ఎగిరిపోయాయి. ఆట మాత్రం మిగిలింది. ఇక మా పేజీలో ఉన్నవి తిట్లే. పెద్దాయన ఆ పేజీ చూసి, ఇంత అశుభంగా ఎవరైనా వ్యాపారం మొదలుపెడతారా అని వారం రోజులు పైకి రాలేదు.

కేక వచ్చింది. బద్వేలు పిల్ల తన గొంతు తీసేసి, తరువాతి వాయిదాకు వచ్చిన ఆలూరు ఆమెను కూర్చోబెట్టి ఆమె కేక రికార్డు చేసింది. ఆటలో బటన్ నొక్కితే కేక, వదిలితే రాయి. కొందరు ఆటగాళ్ళు ఆలస్యమవుతోందని తిట్టారు. కొందరు ఇప్పుడే రుచి వచ్చిందన్నారు. ఆలూరు ఆమెకు పద్ధతి ప్రకారం ఫోన్ చేసి, ఫిర్యాదు మూసెయ్యనా అని అడిగాను.

"కేక కత మూసెయ్యి. పందుల కత మూయొద్దు. దుడ్లు పెట్టి కొనేటప్పుడు సూస్తా" అంది.

ఆట విడుదలైన రోజున అందరం తెర ముందు కూర్చున్నాం. మా మీద అలిగిన పెద్దాయన కూడా వచ్చాడు. పందులను దాటడం ఎవరివల్లా కాలేదు కాబట్టి, ఆ పిల్లే కోడులోంచి నేరుగా చివరికి తీసుకెళ్ళి పేర్లు చూపించింది. మొదట కోడు, ఆమె పేరు. తరువాత బొమ్మలు. నిర్వహణ కింద యజమాని పేరు. కేక అన్న మాట కింద ఆలూరు ఆమె పేరు. బోణీ అన్న మాట కింద పెద్దాయన పేరు. అది చూసి ఆయన కళ్ళు తుడుచుకున్నాడు. అయిపోయిందనుకుని నేను లేవబోయాను. ఇంకొకటి పైకి వచ్చింది.

అనుమానం. దాని కింద నా పేరు.

"ఇదేంది పాపా?" అన్నాను.

ఆ పిల్ల నవ్వలేదు. కళ్ళు మాత్రం నవ్వుతున్నాయి. "ముందే కేక వేసి పెడతాండా మేడమ్. మీరు మళ్ళా ఎవురిమీదన్నా రాయి ఎత్తితే, వాండ్లు తల కాపాడుకుంటారు గదా."

ఇంటికి వచ్చి మా ఆయనకు చెప్పాను. అది నీకు దక్కిన గౌరవమే అన్నారు ఆయన. ఆయన ఎందుకంత తొందరగా పొగిడారా అని ఆలోచిస్తూ వంటింట్లోకి వెళ్ళి చూశాను. ఆయనకు అప్పజెప్పిన పాలు పొయ్యి మీద పొంగిపోయి ఉన్నాయి.